ఫిల్టర్ మీద పల్లాడియం కార్బన్ ఎండనివ్వకండి

పోయిన వారం మా బరంపురం వైపు ఒక కాలేజీ ల్యాబులో పల్లాడియం కార్బన్ అనే కేటలిస్టును (రసాయన చర్యను వేగంగా జరిపించే పొడి) ఫిల్టర్ చేస్తుండగా మంట లేచి ఒక కుర్రాడి చెయ్యి కాలింది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టులకు, ఆపైన విశాఖ ఫార్మా ఉద్యోగాలకు వెళ్లే మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

గ్లౌజులు, కళ్లద్దాల సంగతి మీకు తెలిసిందే. నేను మరీమరీ చెప్పేది ఒక్కటే. హైడ్రోజనేషన్ (కేటలిస్టు సాయంతో ఒక పదార్థానికి హైడ్రోజన్ కలపడం) అయ్యాక ఫిల్టర్ మీద ముద్దగా మిగిలే నల్లటి కేక్ ఎండకూడదు.

ఈ కేటలిస్టు సీసాలో పల్లాడియం లోహం మామూలుగా 5 లేదా 10 శాతమే. మిగతాది యాక్టివేటెడ్ కార్బన్. గ్రాముకు దాదాపు 1000 చదరపు మీటర్ల ఉపరితలం దానిది. లోహం సన్నటి రేణువులుగా పరుచుకుని అంత చురుగ్గా పనిచేసేది లోహాన్ని మోసే ఈ కార్బన్ సపోర్ట్ వల్లే. మండేదీ ఇదే. వాడిన పల్లాడియం హైడ్రోజన్‌ని పట్టుకుని ఉంటుంది. గాలి తగిలితే ఆ హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి వేడి పుడుతుంది. తడి ఉన్నంతసేపు నీళ్లు ఆ వేడిని లాక్కుంటాయి. తడి ఆరితే కార్బన్ ఎర్రగా రాజుకుంటుంది, ద్రావణిగా వాడిన మిథనాల్ ఆవిరి భగ్గుమంటుంది. మిథనాల్ 11 డిగ్రీలకే మంట అందుకునేంత ఆవిరి వదులుతుంది. మన మే నెల ఎండల్లో ఎలా ఉంటుందో చూసుకోండి.

"మేం వాడేది కార్బన్ కాదు, అల్యూమినా మీద పరిచిన పల్లాడియం, మాకేం కాదు" అనుకోకండి. అల్యూమినా కాలదు, నిజమే. హైడ్రోజన్ మాత్రం లోహంలో అలాగే ఉంటుంది, మిథనాల్ కాలుతుంది.

దాదాపు అందరూ చేసే తప్పు, ప్రోడక్ట్ చివరి చుక్క దాకా దిగాలని వాక్యూమ్ ఆపకుండా కేక్ గుండా గాలి లాగించడం. అలా లాగించకండి. కేక్ పైన ద్రావణి పల్చగా ఉండగానే మళ్లీ పోయండి. చివరి కడుగు పూర్తిగా దిగకముందే వాక్యూమ్ తీసి, ఫ్లాస్క్ మార్చి, నీళ్లు పోయండి.

రియాక్షన్ ఫ్లాస్కులో హైడ్రోజన్‌ని నైట్రోజన్‌తో తరిమాకే మూత తెరవండి.

కొత్త కేటలిస్టు వేసేటప్పుడు నైట్రోజన్ నింపిన ఖాళీ ఫ్లాస్కులో ముందు అది, దాన్ని తడపడానికి నీళ్లు, ఆ తర్వాతే మిథనాల్. మిథనాల్ మీద పొడి చల్లకండి.

ద్రావణి సీసాలు దూరంగా పెట్టండి.

ఫన్నెల్ దగ్గర నుంచి కదలొద్దు. ఫోన్ వచ్చినా సరే.

వాడిన ఫిల్టర్ పేపర్ చెత్తబుట్టలో వేయొద్దు. వేయొద్దంటే వేయొద్దు. నీళ్లున్న డబ్బాలో వేసి లేబుల్ అంటించండి.

అంటుకుంటే ఊదకండి. వాక్యూమ్ ఆపి, ఫన్నెల్ మీద వాచ్ గ్లాస్ (గుంటగా ఉండే గాజు పళ్లెం) బోర్లించండి. అది ముందే చేతికందేలా ఉండాలి.

ఒంటరిగా చేయొద్దు.

సాయంత్రం గాలివానకు కరెంటు పోతే ఆవిర్లను బయటికి లాగే హుడ్ ఆగిపోతుంది. ముందు కేక్ మీద నీళ్లు పోయండి, టార్చ్ తర్వాత వెతుక్కోవచ్చు.