జీపీఎస్ రిసీవర్ తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి పోయిందా?

సమస్య: నిన్నటిదాకా బాగా పనిచేసిన రిసీవర్ ఉన్నట్టుండి ఏ 2005నో చూపిస్తోంది. మ్యాపులో స్థానం సరిగ్గానే ఉంది. గంటలు, నిమిషాలు కూడా సరే. తేదీ ఒక్కటే తప్పు.

ఇలాంటప్పుడు చాలామంది ముందు యాంటెన్నా మార్చేస్తారు. దాని జోలికి పోకండి, ముందు తీసివేత చేయండి. అసలు తేదీకీ రిసీవర్ చూపే తేదీకీ తేడా సరిగ్గా 7168 రోజులు వస్తే ఇది రోల్‌ఓవరే, అంటే వారాల లెక్క చివరికి చేరి మళ్లీ మొదటికి రావడం. ఉదాహరణకు 2025 జూన్ 15కి బదులు 2005 అక్టోబర్ 30 వస్తుంది. రెండూ ఆదివారాలే. 7168 రోజులంటే సరిగ్గా 1024 వారాలు కాబట్టి వారం పేరు మారదు. అది కూడా తప్పిందంటే కారణం వేరే ఉంది.

కారణం: ఉపగ్రహం సంవత్సరం పంపదు. 1980 జనవరి 6 నుంచి లెక్కపెట్టిన వారం సంఖ్యను, ఆ వారంలో గడిచిన సమయాన్ని పంపుతుంది. పాత సిగ్నల్‌లో వారం సంఖ్యకు ఇచ్చింది 10 బిట్లే. 1023 తర్వాత మళ్లీ సున్నా. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరోసారి అలా తిరిగింది. మళ్లీ 2038 నవంబర్‌లో తిరుగుతుంది.

మరి మధ్యలో ఇప్పుడెందుకు? ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఇది ఎన్నో 1024 వారాల చుట్టో ఫర్మ్‌వేర్ (రిసీవర్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) తనంతట తానే ఊహించుకోవాలి. అందుకే తయారీదారులు ఫర్మ్‌వేర్‌లో ఒక ఆధార తేదీ పెట్టి, అక్కడినుంచి 1024 వారాలు లెక్కేసుకుంటారు. ఆ గడువు ఒక్కో మోడల్‌కి ఒక్కో రోజున తీరుతుంది. స్థానం లెక్కకు ప్రధానంగా వారంలోని సమయం చాలు కాబట్టి మ్యాపుకు ఏమీ కాదు.

పరిష్కారం: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే అదే సరైన మందు. తేదీని చేత్తో మార్చి లాభం లేదు, సిగ్నల్ అందగానే మళ్లీ పాతదే వస్తుంది. అప్‌డేట్ రాని పాత పరికరమైతే, దాని డేటా చదివే ప్రోగ్రాంలో సరిచేయండి: వచ్చిన తేదీ మీ ప్రోగ్రాం తయారైన తేదీకంటే ముందుదైతే, దాన్ని దాటేదాకా 7168 రోజుల చొప్పున కలుపుతూ పోవాలి. ఆ ప్రోగ్రాంకీ 1024 వారాలే ఆయుష్షు, అయినా అన్నాళ్లు చాలు.

7168 రాకపోతే? 1980 జనవరి 6 చూపిస్తుంటే సాధారణంగా ఉపగ్రహాల నుంచి ఇంకా తేదీ అందలేదన్నమాట, ఆకాశం కనిపించే చోట ఉంచండి. 18 సెకన్లు ముందుంటే లీప్ సెకన్ల (ప్రపంచ ప్రామాణిక సమయానికి అప్పుడప్పుడు కలిపే సెకన్లు, జీపీఎస్ సమయానికి కలపరు) సమాచారం రాలేదు. అది 12.5 నిమిషాలకోసారి వస్తుంది, పావుగంట ఆగండి. గంటల్లో తేడా ఉంటే టైమ్ జోన్ సెట్టింగ్ చూడండి.

ఈలోగా తప్పుడు తేదీతో చేరిన లాగ్ ఫైళ్లుంటాయి. ముందు వాటికి కాపీ తీసుకుని, తేదీ దూకిన చోటునుంచి మాత్రమే 7168 రోజులు కలపండి. అంతకుముందు వరుసలు సరైనవే, వాటిని ముట్టుకోవద్దు.