వర్చువల్ రియాలిటీ సిమ్యులేషన్‌ను ఒట్టి చేతులతో నడిపే పద్ధతి

కంట్రోలర్ (చేతిలో పట్టుకునే మీటల పరికరం) లేకుండా సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్ సృష్టించిన కృత్రిమ దృశ్యంలో, పని చేయదలచినవారు ముందుగా గ్రహించవలసింది ఒకటుంది: తలకు తొడుక్కునే హెడ్‌సెట్‌కు మన చేయి తన కెమెరాలకు కనిపించినంత మేరకే తెలుస్తుంది. ఆ దృశ్యాల ఆధారంగానే సాఫ్ట్‌వేర్ వేళ్ల స్థితిని అంచనా కడుతుంది. వేర్వేరు కంపెనీల పరికరాలకు ఉమ్మడి నియమావళి అయిన ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్రమాణం ఇందుకోసం ఒక్కో చేతికి 26 బిందువులను నిర్దేశించింది. కాబట్టి గదిలో వెలుతురు సమంగా ఉండేలా చూసుకుని, పొడవాటి చొక్కా చేతులను మణికట్టు పైకి మడిచి, ఒక చేయి మరొక చేతిని కప్పకుండా ఉంచాలి.

అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడే సంజ్ఞ పించ్, అంటే బొటనవేలి కొనను చూపుడువేలి కొనకు ఆనించడం. మెటా క్వెస్ట్ హెడ్‌సెట్‌లో దూరపు వస్తువును ఎంచుకోవడానికి చేతి నుంచి వెలువడే కిరణాన్ని దానిపై నిలిపి పించ్ చేయాలి. యాపిల్ విజన్ ప్రో హెడ్‌సెట్‌లోనైతే చూపును వస్తువుపై నిలిపితే చాలు, చేయి ఒడిలో ఉన్నా పించ్ పనిచేస్తుంది. వేలికొనలు పిడికిలి చాటున పడితే కెమెరా వాటిని పోల్చుకోలేదు గనుక, చేతిని కాస్త పక్కకు తిప్పి, రెండు కొనలూ కనిపించేలా పట్టుకోవడం మంచిది.

పట్టుకోవడం సులభమే, అసలు నేర్పంతా విడిచిపెట్టడంలో ఉంది. ఉదాహరణకు, రసాయన పాఠపు సిమ్యులేషన్‌లో ఒక అణువును నమూనాలో సరైన చోట అమర్చాక వేళ్లు విప్పుతుంటే చేయి కొద్దిగా కదులుతుంది, దానితోపాటు అణువూ పక్కకు జరుగుతుంది. అందువల్ల గమ్యం చేరాక చేతిని క్షణం పాటు నిశ్చలంగా ఉంచి, మణికట్టు కదలకుండా వేళ్లను మాత్రమే స్పష్టంగా విప్పి, వస్తువు విడిపోయిందని తెలిశాకే చేతిని వెనక్కి తీసుకోవాలి. స్పర్శ లేని చోట ఆ సంగతి తెలిపేవి రంగు మార్పు, శబ్దం వంటి సూచనలే కాబట్టి, ప్రతి సిమ్యులేషన్‌లోనూ అవి ఎలా ఉన్నాయో మొదట్లోనే గమనించుకోవాలి.

మోచేతులను శరీరానికి దగ్గరగా ఉంచుకుంటే భుజాలు త్వరగా అలసిపోవు. పక్కవారితో మాట్లాడేటప్పుడు చేతులు దించుకోవాలి, లేకపోతే యథాలాపంగా చేసిన కదలికను కూడా పరికరం ఆదేశంగా తీసుకోవచ్చు. సిమ్యులేషన్‌లో కనిపించే బల్ల నిజంగా అక్కడ లేదు కనుక దానిపై ఎన్నడూ ఆనుకోకూడదు.

వేగంగా విసరడం, వీపు వెనుకకు చేయి చాచడం వంటి పనుల్లో చేయి కెమెరాల దృష్టి నుంచి తప్పిపోతుంది. అటువంటి అభ్యాసాలకు కంట్రోలర్లు వాడడమే మేలు.