రొమ్ములో గడ్డ తగిలితే

స్నానం చేసేటప్పుడు రొమ్ములో గడ్డ చేతికి తగిలితే క్యాన్సరేనని టెన్షన్ పడకండి. చాలావరకు అవి నీటి తిత్తులో, ఫైబ్రోఎడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డలో అయి ఉంటాయి. నెలసరికి ముందు హార్మోన్ల వల్ల రొమ్ములు గట్టిపడటం మామూలే. అందుకని నెలసరి అయిపోయిన 3-4 రోజులకు మళ్లీ చూసుకోండి. అప్పటికీ ఉంటే డాక్టర్‌కు చూపించాలి. నొప్పి లేదుగా అని ఊరుకోవడమే అసలు పొరపాటు; క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

గడ్డ రాయిలా ఉండి కదలకపోయినా, చర్మం సొట్టపడినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా నెలసరి దాకా ఆగొద్దు, వెంటనే వెళ్లండి. నెలసరి పూర్తిగా ఆగిపోయిన వయసువాళ్లూ అంతే. ముందు అల్ట్రాసౌండో మామోగ్రామో (రొమ్ము ఎక్స్‌రే) చేస్తారు, అనుమానం ఉంటేనే సూదితో చిన్న ముక్క తీస్తారు. అన్నట్టు, అరుదే గానీ రొమ్ము క్యాన్సర్ మగవాళ్లకూ వస్తుంది.