కంటికి నచ్చిన పాత్ర ఎదురుగా ఉంటే వంటకు ఊహ పుడుతుంది

ఏమి వండాలో తోచని రోజుల్లో వంటల పుస్తకం కన్నా ముందు, అలమర లోపల దాచిన అందమైన పాత్రనొకదానిని తీసి పొయ్యి పక్కన కనబడేలా పెట్టండి. పాలమూరు, నల్లగొండ సంతల్లో దొరికే మట్టి చట్టి ఎదురుగా ఉంటే చేపల పులుసో పప్పుచారో చేయాలని మనసు దానంతటదే మళ్లుతుంది. కొత్త చట్టిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మరునాడు సన్నని మంటపై గంజి కాచి వాడుకోవాలి. మట్టి సబ్బును పీల్చుకుంటుంది కనుక కొబ్బరి పీచుతో వేడినీళ్లతోనే తోమాలి, వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పోస్తే పగులుతుంది. అడుగు మందమైన తపాల కనబడితే, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ కలిపిన బియ్యప్పిండిని అందులో ఒత్తి, నూనె వేసి, మూతపెట్టి కాల్చే సర్వపిండి గుర్తొస్తుంది. ఇత్తడి గిన్నె ఎంత ముచ్చటగా ఉన్నా, లోపల కళాయి (తగరపు పూత) లేనిదే అందులో చింతపండు పులుసు వండకూడదు, ఎందుకంటే పులుపుకు ఇత్తడిలోని రాగి కరిగి కూరలో చేరుతుంది. జొన్న రొట్టెల బుట్టలో శుభ్రమైన నూలు గుడ్డ పరిస్తే ఆవిరిని పీల్చుకుంటుంది. అది పోచంపల్లి ఇక్కత్ గుడ్డ అయితే, నా దృష్టిలో, రొట్టెలు చేయాలన్న ఉత్సాహం తప్పక పెరుగుతుంది. వారానికొకసారి ఎదురుగా ఉంచే పాత్రను మార్చండి.