కృత్రిమ చేతికి దరఖాస్తు: హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

మా బంధువు ఒకరికి శిబిరంలో ఇచ్చిన చెయ్యి తువ్వాలులో చుట్టి బీరువా పైన ఉంది. చూపుకు అచ్చం చెయ్యే. చొక్కా గుండీ పెట్టుకోవడానికి మాత్రం పనికిరాదు. అడగాల్సినది అడగకుండా సంతకం పెట్టి తెచ్చుకున్నారు.

ముందు కావలసింది యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు. దాని వెబ్‌సైటు స్వావలంబన్ పోర్టల్‌లో గానీ, మీ సేవ కేంద్రంలో గానీ దరఖాస్తు చేయాలి. ఆ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉంటుంది. వైకల్య శాతం గురించి బెంగ అక్కర్లేదు. మణికట్టు దగ్గర చెయ్యి తీసేస్తే 60 శాతం, మోచేతి దగ్గరైతే 75, భుజం కీలు దగ్గరైతే 90. పథకాలకు కావలసింది 40. ఆధార్‌కు ఫోను నంబరు జతపడి ఉందో లేదో ముందే చూసుకోండి. వేళ్లు లేనివారికి ఆధార్‌లో మినహాయింపు ఉంది, కంటిపాపతో నమోదు చేస్తారు. కౌంటరులో కాదంటే ఆ మాట గట్టిగా చెప్పండి.

దివ్యాంగులకు ఉపకరణాలు ఇచ్చేందుకు కేంద్రం అమలు చేసే ఏడిప్ పథకంలో నెల ఆదాయం 22,500 రూపాయల లోపుంటే ఉపకరణం పూర్తిగా ఉచితం, 30,000 వరకు సగం ధర. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, కార్డు నకలు, ఫోటోలు తీసుకుని జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి. కృత్రిమ అవయవాలు తయారుచేసే, కాన్పూర్‌లోని అలింకో సంస్థ మొదట నిర్ధారణ శిబిరం పెట్టి కొలతలు తీసుకుంటుంది, చెయ్యి ఇచ్చేది ఆ తర్వాత.

అసలు జాగ్రత్తపడాల్సింది కొలతల రోజునే. చూపుకు మాత్రమే ఉండే చెయ్యి ఒక రకం. భుజానికి పట్టీ కట్టి, తీగ లాగితే కొక్కెం తెరుచుకునేది ఇంకో రకం. అందం తక్కువ, పని ఎక్కువ. కండరాల సంకేతాలతో, బ్యాటరీతో కదిలేది ఖరీదైనది. ఈ పథకంలో అదే ఇస్తారన్న ఆశతో వెళ్లవద్దు. మీరు చేసే పని ఏమిటో, ఏ చెయ్యి పోయిందో, మోచెయ్యి మిగిలిందో లేదో ప్రోస్థెటిస్టుకు (కృత్రిమ అవయవాలు అమర్చే నిపుణుడికి) విడమరచి చెప్పండి. ఒకసారి సాయం తీసుకుంటే అదే అవసరానికి మళ్లీ మూడేళ్ల వరకు ఇవ్వరు (పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఏడాది). నచ్చనిది మొహమాటానికి తీసుకోకండి.

మిగిలిన చేతి భాగంలో వాపు తగ్గకముందే కొలతలిస్తే, ఆ భాగానికి తొడిగే గిన్నెలాంటి సాకెట్ తర్వాత వదులవుతుంది. చెయ్యి వచ్చాక తొడిగి, కాసేపు పని చేసి, తీసి చూడండి. ఎర్రటి మచ్చ ఇరవై నిమిషాలైనా పోకపోతే సాకెట్ సరిచేయించుకోవాలి. దూది కుక్కి సర్దుకుపోవద్దు.