నల్లమలలో రెండు రోజులు: అడవినీ శ్రీశైలాన్నీ కలిపి చూడడం ఎలా

నల్లమలను తీరికగా చూడదలచినవారు నవంబరు, ఫిబ్రవరి మధ్య రెండు రోజులు కేటాయించుకోవాలి. వానాకాలంలో పులుల అభయారణ్యంలో సఫారీలు నిలిపివేస్తారు. హైదరాబాదు నుంచి వచ్చేవారికి మన్ననూరు వద్ద, మార్కాపురం వైపు నుంచి వచ్చేవారికి దోర్నాల వద్ద అటవీశాఖ చెక్‌పోస్టులు ఉన్నాయి. రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను లోపలికి వదలరు కనుక, చీకటి పడకముందే కొండ చేరేలా బయలుదేరడం మంచిది.

మన్ననూరు దగ్గరి ఫరహాబాద్ సఫారీకి తెల్లవారుజామునే వెళ్లాలి. పులి కనిపించడం అదృష్టమే గాని, మేస్తున్న దుప్పులు ఒక్కసారిగా తలలెత్తి, చెవులు నిక్కించి, ఒకే దిక్కుకు చూస్తూ నిలబడిపోయిన ఆ క్షణాన్ని చూస్తే చాలు, అడవి ఏమిటో అర్థమవుతుంది. అప్పుడు మాట్లాడకండి.

శ్రీశైలంలో దర్శనం కాగానే తిరిగి వెళ్లిపోకుండా, ప్రాకారం గోడ వెంట బయట ఒక గంట నడవమని నా మనవి: ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు వరుసగా చెక్కివున్న ఆ రాళ్లను ఏటవాలు ఎండలో చూడాలి. మల్లన్నను తమ అల్లుడిగా భావించే చెంచులకు ఈ అడవే ఇల్లు. వారి పెంటల్లో (చెంచుల గూడేల్లో) అనుమతి లేకుండా ఫొటోలు తీయవద్దు. పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు పడవ ఉంటే మూడో పూట అటు వెళ్లవచ్చు.