మెసేజ్ లేటైతే ముందు అక్షరాలు లెక్కపెట్టండి

విజయనగరంలో మా ట్యూషన్ సెంటర్ నుంచి రోజూ తల్లిదండ్రులకు ఎస్‌ఎంఎస్ మెసేజ్‌లు వెళ్తాయి. మొన్న సాయంత్రం ఐదింటికి పంపిన "మీ అబ్బాయి ఈరోజు క్లాసుకి రాలేదు" అని మొదలయ్యే పొడవాటి మెసేజ్ కొందరికి రాత్రి తొమ్మిదికి చేరింది. అప్పటికి ఆ అబ్బాయిలు అన్నం తిని పడుకున్నారు కూడా! నెట్‌వర్క్‌ని తిట్టుకున్నాం గానీ తప్పు మాదే.

ఇంగ్లిష్ మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి. మధ్యలో ఒక్క తెలుగు అక్షరం వచ్చినా అది 70కి పడిపోతుంది. ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కే: "క్లా" ఒక్కటే నాలుగు (క, పొల్లు, ల, దీర్ఘం). 70 దాటితే ముక్కకి 67 చొప్పున తెగుతుంది. మా 180 అక్షరాల మెసేజ్ మూడు ముక్కలైంది, అంటే పంపాల్సిన వాటి క్యూ మూడింతలు.

ఇక గేట్‌వే (మన మెసేజ్‌లను నెట్‌వర్క్‌కి అందించే సర్వీసు) లాగ్‌లో, అంటే దాని రికార్డులో, 'థ్రాటిల్డ్' అని కనిపిస్తే మీరు పరిమితి మించి వేగంగా తోస్తున్నారని అర్థం. వెంటనే మళ్లీ పంపేలా పెడితే (మేం చేసిన ఘనకార్యం అదే) క్యూ ఇంకా పేరుకుపోతుంది. సెకనుకు ఇన్ని అని ప్రొవైడర్ ఇచ్చిన లెక్కకి కాస్త తక్కువే పెట్టండి. ఓటీపీలకు మాత్రం వేరే క్యూ ఉంచండి, ఫీజు రిమైండర్ల వెనక నిలబెట్టకండి.